భ్రమర కీటక న్యాయం: కీటకాల విషం, నాడీకణాల ద్వారాలు

(గుంటూరులో విద్యార్థులు, ఉపాధ్యాయులు, మిర్చి రైతులు పాల్గొన్న సభలో ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, పరీక్షలు దగ్గర పడినా వచ్చిన విద్యార్థులకు, యార్డులో పని ముగించుకుని నేరుగా ఇటే వచ్చిన రైతు సోదరులకు నమస్కారం.

ఈ బల్ల మీద గాజుపెట్టెలో ఉసిరికాయంత మట్టి ముద్ద ఒకటి ఉంది. నాలుగు రోజుల క్రితం మా ఇంటి కిటికీ చట్రం మూల నుంచి చాకుతో మెల్లగా ఊడదీసి తెచ్చాను. నడుము దారంలా సన్నగా ఉండే ఒక కందిరీగ తడిమట్టిని ఉండలుగా నోట కరుచుకుని తెచ్చి కట్టిన గూడు అది. లోపల నాలుగు గదులున్నాయి. ఒక గది మూత తీసి చూస్తే ఏడు పచ్చని గొంగళిపురుగులు అగ్గిపెట్టెలో పుల్లల్లా ఒత్తుగా పేర్చి ఉన్నాయి, పైకప్పు నుంచి సన్నని పోగుకు ఒక గుడ్డు వేలాడుతోంది. ఆ పురుగుల్లో ఒక్కటీ చచ్చిపోలేదు. కుంచె కొసతో తాకితే దవడలు కదుపుతాయి, తోక వైపు కొంచెం ముడుచుకుంటాయి. అంతకు మించి ఏమీ చేయలేవు.

నా చిన్నతనంలో మా ఊరి ఇంటి తలుపు గడియ సందులో ఇలాంటి గూడే చూపించి మా నాయనమ్మ భ్రమర కీటక న్యాయం చెప్పింది. భ్రమరం పురుగును తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ ఝుంకారం చేస్తుంటే, ఆ పురుగు భ్రమరాన్నే తలుచుకుని తలుచుకుని చివరకు తానే భ్రమరమై బయటికి వస్తుందని పెద్దలు దీన్ని ధ్యానానికి ఉపమానంగా చెప్పేవారు. వాళ్లు కంటితో చూసిన దానిలో తప్పేమీ లేదు. లోపలికి పోయింది పురుగే, బయటికి వచ్చింది కందిరీగే. మధ్యలో, మూసిన మట్టిగోడ వెనక జరిగింది మాత్రం వేరు. గుడ్డు పగిలి పుట్టిన పిల్ల ఆ పురుగులను ఒక్కొక్కటిగా తిని పెరుగుతుంది. చచ్చిన పురుగులైతే మన ఎండలకు రెండో రోజుకే కుళ్లి, పిల్లకు తిండి లేకుండా పోతుంది. కాబట్టి తల్లి కందిరీగకు కావలసింది చంపే విషం కాదు, ప్రాణం నిలిపి ఉంచుతూనే కదలికను మాత్రం తీసివేసే విషం. తేనెటీగ సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. దానికి ఎవరినీ తినే పని లేదు, తుట్టె మీదికి వచ్చినవాణ్ణి తరిమితే చాలు, అందుకు నొప్పి కావాలి. ఈ రెండు అవసరాలను దృష్టిలో పెట్టుకుంటే, ఏ విషం నాడీకణంలోని ఏ ద్వారం మీద ఎందుకు చేయి వేస్తుందో చాలావరకు అర్థమవుతుంది. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదే.

ముందు ఆ ద్వారాల సంగతి. మన ప్రకాశం బ్యారేజీని తలుచుకోండి. ఎగువన నీటిమట్టం ఎక్కువ, దిగువన తక్కువ. గేటు ఎత్తితే నీరు తనంతట తానే దూకుతుంది, ఎవరూ తోయనక్కరలేదు. నాడీకణం పొరకు రెండు వైపులా ఉన్న స్థితి కూడా ఇలాంటిదే. బయట సోడియం ఎక్కువ, లోపల పొటాషియం ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టడానికి కణపొరలోని పంపులు రాత్రింబవళ్లు పనిచేస్తూ, ప్రతి విడతలో 3 సోడియం అయాన్లను, అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువులను, బయటికి, 2 పొటాషియం అయాన్లను లోపలికి చేరవేస్తుంటాయి. దాని ఫలితంగా విశ్రాంతిలో ఉన్న నాడీకణం లోపలి వైపు బయటి కంటే దాదాపు 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. 70 మిల్లీవోల్టులంటే టార్చిలైటు బ్యాటరీలో ఇరవయ్యో వంతు, పెద్ద లెక్క కాదనిపిస్తుంది. కానీ ఆ పొర మందం 5 నానోమీటర్ల లోపే, అంటే మీటరులో 20 కోట్లవ వంతు కూడా ఉండదు. అంత పల్చని పొర మీద పడే విద్యుత్ ఒత్తిడిని మీటరు లెక్కన చూస్తే కోటి వోల్టులు దాటుతుంది. ఆ ఒత్తిడిలో వచ్చే మార్పును పసిగట్టి తెరుచుకునే ప్రోటీన్ ద్వారాలనే అయాన్ చానెళ్లు అంటాం. తెరుచుకున్న ఒక్క చానెల్ గుండా సెకనుకు కోటి అయాన్ల వరకు దాటిపోగలవు.

నాడీ సంకేతమంటే ఈ ద్వారాలు వరుస తప్పకుండా తెరుచుకుని మూసుకోవడమే. ముందు సోడియం చానెళ్లు తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూకుతుంది, కణం లోపలి విద్యుత్ స్థితి తలకిందులవుతుంది. ఒక మిల్లీసెకను గడిచీ గడవక ముందే ఆ చానెల్ లోపలి నుంచి ఒక చిన్న రెక్క వచ్చి దారికి అడ్డం పడుతుంది. గేటు ఎత్తే ఉన్నా, వెనక నుంచి ఇంకొక పలక జారి తూము మూసినట్టన్న మాట. ఈలోగా పొటాషియం చానెళ్లు తెరుచుకుని కణాన్ని మళ్లీ విశ్రాంతికి తెస్తాయి. ఈ క్రమాన్ని స్క్విడ్ అనే సముద్రజీవి లావుపాటి నాడీతంతువు మీద ప్రయోగాలు చేసి, గణిత సమీకరణాలతో సహా 1952లో వివరించినవారు అలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ. 1963లో వారికి నోబెల్ వచ్చింది. ఒక్కొక్క చానెల్ విడివిడిగా తెరుచుకోవడాన్ని 1976లో మొదటిసారి కొలిచి చూపినవారు ఎర్విన్ నేహెర్, బెర్ట్ సక్మన్. వారికి 1991లో ఆ గౌరవం దక్కింది. విద్యార్థులు ఈ నాలుగు పేర్లనూ మార్కుల కోసం కాకుండా గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. వారు చూపిన ఈ ద్వారాల మీదనే కీటకాలు కోట్ల సంవత్సరాలుగా పనిచేస్తూ వచ్చాయి.

ఇప్పుడు వేట కోసం వాడే విషాల దగ్గరికి వద్దాం. ఒంటరిగా తిరుగుతూ సాలీళ్లను పట్టే కందిరీగలు కొన్ని ఉన్నాయి. వాటి విషం నుంచి 1998లో జపాన్ శాస్త్రజ్ఞులు పాంపిలిడోటాక్సిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. ప్రోటీన్‌కు ఇటుకల్లాంటివి అమైనో ఆమ్లాలు, అవి అందులో 13 మాత్రమే. సోడియం చానెల్‌లో దాదాపు 2,000 అమైనో ఆమ్లాలుంటాయి. అంత పెద్ద యంత్రం పనిని ఈ పిసరంత గొలుసు మార్చివేస్తుంది. ఇది చానెల్‌ను మూయదు, తెరవనూ తెరవదు. ఇందాక చెప్పిన ఆ రెక్క త్వరగా అడ్డం పడకుండా ఆలస్యం చేస్తుంది, అంతే. అయితే ఆ ఆలస్యమే చాలు. ఒక్క మిల్లీసెకనులో ఆగవలసిన సోడియం ప్రవాహం సాగుతూ ఉంటుంది, కణం విశ్రాంతికి రాలేదు, ఒక సంకేతం వెళ్లవలసిన చోట సంకేతాలు గుంపుగా వెళతాయి. కొంతమంది విద్యార్థులు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు, అది మంచి ప్రశ్న. నాడి ఎక్కువగా పనిచేస్తే కదలిక పెరగాలి కదా, పక్షవాతం ఎలా వస్తుంది? కొత్త సంకేతం పుట్టాలంటే కణం ముందు విశ్రాంతికి రావాలి. తూము ఎప్పుడూ పారుతూనే ఉంటే, నీరు వదిలారో లేదో పొలం దగ్గరున్న రైతుకు తెలిసే మార్గం లేదు. గేటు మూసి తెరిచినప్పుడే అది కబురు అవుతుంది. అందుకే ద్వారాన్ని బిగించినా, తెరిచి పట్టుకున్నా చివరకు నాడి మూగదే అవుతుంది.

యూరప్‌లో తేనెటీగలనే వేటాడే కందిరీగ ఒకటి ఉంది. దాని విషంలోని ఫిలాంథోటాక్సిన్ దారి ఇంకొకటి. కీటకాల్లో నాడి నుంచి కండరానికి కబురు అందించేది గ్లూటమేట్, మన శరీరంలో ఆ పని చేసేది అసిటైల్‌కొలిన్. గ్లూటమేట్ తగలగానే కండరం మీది చానెళ్లు తెరుచుకుంటాయి. ఫిలాంథోటాక్సిన్ ఆ తెరుచుకున్న దారిలోకే దూరి, పారే తూములో చెక్కముక్క ఇరుక్కున్నట్టు అక్కడే నిలిచిపోతుంది. కొబ్బరి తోటల్లో నల్లతల గొంగళిపురుగు మీద వదిలే బ్రాకాన్ కందిరీగలు మన కోస్తా రైతులకు కొత్త కావు. వాటి విషం అంతకంటే ముందు మెట్టు మీదనే దెబ్బకొడుతుంది, నాడి చివర నుంచి గ్లూటమేట్ అసలు విడుదలే కాదు. పురుగు రక్తంలో 20 కోట్ల భాగాలకు ఒక భాగం విషం కలిసినా పక్షవాతం వస్తుందని లెక్క కట్టారు. పురుగుమందుల డబ్బాల మీది మోతాదులు రోజూ చూసే రైతులకు ఈ అంకె విలువ నేను వేరుగా చెప్పనక్కరలేదు.

వీటన్నిటిలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆశ్చర్యపరిచింది, ఇన్నేళ్లు పాఠం చెప్పినా ఆ ఆశ్చర్యం తగ్గనిది, మన దేశంలోనూ కనిపించే ఒక పచ్చని కందిరీగ. దాని శాస్త్రీయ నామం ఆంప్యులెక్స్ కంప్రెస్సా. మరకత రాయిలా మెరుస్తుంది. తనకంటే ఎంతో పెద్దదైన బొద్దింకను పట్టి, మొదటి పోటు రొమ్ము భాగంలోని నాడీగ్రంథిలో సరిగ్గా దింపుతుంది. ఆ విషంలో గాబా, టారిన్, బీటా అలనైన్ ఉన్నాయని 2006లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. గాబా అన్నది కీటకానికి గానీ మనకు గానీ పరాయి పదార్థం కాదు, నాడులను శాంతపరచడానికి మెదడే తయారుచేసుకునే పదార్థం. అది క్లోరైడ్ చానెళ్లను తెరుస్తుంది, నాడీకణం సంకేతం పుట్టించలేని స్థితికి జారుతుంది, బొద్దింక ముందరి కాళ్లు రెండు మూడు నిమిషాల పాటు చచ్చుబడతాయి. ఆ కాస్త వ్యవధి ఎందుకంటే, రెండో పోటును తలలో, మెదడులోని ఒక నిర్దిష్టమైన చోట దింపడానికి. కాళ్లు కొట్టుకుంటుంటే అంత గురిగా పొడవడం సాధ్యం కాదు. రెండో పోటు తరువాత బొద్దింకకు పక్షవాతం ఉండదు. కాళ్లు పనిచేస్తాయి, తోస్తే నిలదొక్కుకుంటుంది. అరగంట సేపు తన ఒళ్లు తాను శుభ్రం చేసుకుంటుంది. ఆ తరువాత తనంతట తాను నడక మొదలుపెట్టాలన్న ప్రేరణ దానికి పోతుంది. కందిరీగ దాని మీసం పట్టుకుని, పలుపు పట్టి దూడను నడిపించినట్టు, తన కన్నానికి నడిపించుకుపోతుంది. కాలి మీద గుడ్డు పెట్టి, కన్నం మూసి వెళ్లిపోతుంది.

ఇక ఆత్మరక్షణ కోసం వాడే విషాలు. వాటి గురించి మాట్లాడే ముందు మన భాష సంగతి ఒకటి చెబుతాను. పాము కరిచింది అంటాం, తేలు కుట్టింది అంటాం, చీమ కుట్టింది అంటాం. చీమకు నిజంగానే కొండి ఉందని, అది కందిరీగకు దగ్గరి చుట్టమని శాస్త్రం చెప్పకముందే మన క్రియాపదం సరిగ్గా చెప్పింది. దోమ కుట్టింది అనడం దగ్గర మాత్రం మాట తప్పింది, దానికి కొండి లేదు. కందిరీగ, తేనెటీగ, చీమ ఈ మూడింటిలోనూ కొండి అన్నది గుడ్లు పెట్టే అవయవం మారగా ఏర్పడినది, అందుకే కుట్టేవన్నీ ఆడవే.

తేనెటీగ విషాన్ని ఎండబెట్టి తూచితే దాదాపు సగం బరువు మెలిటిన్ అనే 26 అమైనో ఆమ్లాల పెప్టైడ్‌దే, అంటే చిన్న గొలుసుదే. ఇది చానెల్ జోలికి పోదు, నేరుగా కణపొరలోనే రంధ్రాలు చేస్తుంది. గేటు తీయడానికి ప్రయత్నించకుండా కరకట్టకే గండి కొట్టడం లాంటిది. కుట్టిన వెంటనే వచ్చే నొప్పిలో, తరువాతి మంటలో పెద్ద వాటా దీనిదే. నొప్పిని మోసే నాడుల చివర టీఆర్‌పీవీ1 అనే చానెల్ ఉంటుంది. మెలిటిన్ కణంలోని కొవ్వు పదార్థాల ద్వారా, చుట్టుదారిన, దీన్ని కూడా తెరిపిస్తుంది.

ఈ చానెల్ పేరు గుంటూరులో ఉన్న మనమందరం తెలుసుకోవలసినది. 1997లో డేవిడ్ జూలియస్ బృందం దీని జన్యువును పట్టుకున్నది మిరపలోని కాప్సాయిసిన్ సాయంతోనే. ఆ కృషికి 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. మామూలుగా ఈ చానెల్ 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడికి తెరుచుకుంటుంది. కాప్సాయిసిన్ తగిలితే మామూలు వేడిలోనే తెరుచుకుని, కాలకపోయినా కాలిందని మెదడుకు కబురు పంపుతుంది. శీతల గిడ్డంగుల దగ్గర రోజంతా మిరపకాయల తొడిమలు తీసిన ఆడవాళ్లు రాత్రి చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చోవడం నేను చూశాను. ఆ మంటను చర్మం ఊహించుకున్నది అనుకోవద్దు. నిప్పు తగిలినప్పుడు తెరుచుకునే ద్వారమే అక్కడ తెరుచుకుంటుంది, ఆ కబురే మెదడుకు చేరుతుంది. పక్షుల్లోని ఈ చానెల్‌కు కాప్సాయిసిన్ సోకదు, కాబట్టే చిలుక పండుమిరపకాయను ముక్కుతో కొరికి సంతోషంగా తింటుంది.

తేనెటీగ విషంలో నాడీశాస్త్రానికి బాగా ఉపయోగపడినది అపమిన్. 18 అమైనో ఆమ్లాల చిన్న ముక్క. సంకేతాలు పంపిన నాడీకణం కాసేపు నెమ్మదించడానికి ఎస్‌కే అనే పొటాషియం చానెళ్లు కళ్లెంలా పనిచేస్తాయి. అపమిన్ ఆ కళ్లెం తెంపుతుంది. మెదడుకు కాపలా ఉండే రక్తనాళాల అడ్డుగోడను దాటి లోపలికి పోగలిగిన అతి కొద్ది పెప్టైడ్‌లలో ఇదొకటి. ఎక్కువ మోతాదిచ్చిన ఎలుకలకు మూర్ఛ వస్తుంది. విషంలో దీని పాలు రెండు మూడు శాతమే కనుక ఒకటి రెండు కుట్లతో మనకు ఆ భయం లేదు. ఇప్పుడు ప్రయోగశాలల్లో ఒక కణంలో ఎస్‌కే చానెళ్లు ఉన్నాయా లేవా అని తేల్చడానికి అపమిన్‌నే వాడతారు.

వైద్య సంబంధమైన మాట ఒకటి ఇక్కడే చెప్పాలి. మన ఊళ్లలో నీళ్ల ట్యాంకుల మీద, పెద్ద భవనాల అంచుల కింద కొండ తేనెటీగల తుట్టెలు వేలాడుతుంటాయి. తేనెటీగ కుడితే దాని కొండి, విషపు తిత్తితో సహా మన చర్మంలోనే ఉండిపోతుంది. ఈగ పోయినా ఆ తిత్తి కండరాలు విషాన్ని లోపలికి తోస్తూనే ఉంటాయి, 20 సెకన్లలో పదింట తొమ్మిది వంతులు దిగిపోతుంది. గోటితో గిల్లి తీయకూడదు, కత్తి అంచుతో గీకాలి అని చాలామంది చెబుతారు. 1996లో వచ్చిన పరిశోధన ఆ తేడా లేదని తేల్చింది. ఎలా తీశామన్నది కాదు, ఎంత త్వరగా తీశామన్నదే ముఖ్యం. కత్తి కోసం ఇంట్లోకి పరిగెత్తే లోపు విషం దిగిపోతుంది. సున్నం రాస్తే విషం విరుగుతుందన్నది కూడా నిలబడదు, విషం అప్పటికే చర్మం కింద ఉంది, సున్నం చర్మం పైన ఉంది. ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, కళ్లు తిరిగినా అది నాడీచానెళ్ల వ్యవహారం కాదు, అలర్జీ. దానికి అడ్రినలిన్ ఇంజెక్షనే మందు, ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

చీమల్లో నొప్పికి పేరుమోసినది మధ్య, దక్షిణ అమెరికా అడవుల్లోని బుల్లెట్ చీమ. అమెరికన్ కీటక శాస్త్రవేత్త జస్టిన్ ష్మిత్ తాను కుట్టించుకున్న కుట్లకు 1 నుంచి 4 వరకు అంకెలు వేసినప్పుడు తేనెటీగకు 2, ఈ చీమకు 4 ఇచ్చారు. దాని నొప్పి ఒక రోజంతా ఉండగలదు. అందుకు కారణం పొనెరాటాక్సిన్ అనే 25 అమైనో ఆమ్లాల పెప్టైడ్. ఇది సోడియం చానెల్‌ను చిన్న ప్రేరణకే తెరిపిస్తుంది, తెరిచాక త్వరగా మూసుకోనివ్వదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2023లో ఇలాంటి చీమల విషాలను పరిశీలించి, వీటిలోని నొప్పి పుట్టించే పెప్టైడ్‌లు వెన్నెముక ఉన్న జంతువుల సోడియం చానెళ్ల మీదనే పనిచేస్తాయని, కీటకాల చానెళ్ల మీద పనిచేయవని చూపారు. అవసరాన్ని బట్టే విషం గురి ఉంటుందని మొదట్లో నేను చెప్పిన మాటకు ఇంతకు మించిన సాక్ష్యం నాకు దొరకలేదు. పుట్టను తవ్వేది పక్షి, ఎలుక, చీమలు తినే జంతువు. కనుక విషం గురి వాటి నాడుల మీదనే. మిరప చెట్టు పక్షిని వదిలి పాలిచ్చే జంతువులను మాత్రమే మండించడం, ఈ చీమ కీటకాన్ని వదిలి వెన్నెముక ఉన్నవాటిని మాత్రమే బాధించడం, రెండూ ఒకే బాటలో నడిచిన పరిణామాలు.

ఇలా గురి ఎలా కుదురుతుందంటే, మన శరీరంలో ఈ తరహా సోడియం చానెళ్లు తొమ్మిది రకాలున్నాయి, కీటకాల్లో వీటికి ఉన్నది ఒకే ఒక్క జన్యువు. మన తొమ్మిదింటిలో ఎన్‌ఏవీ 1.7 అన్నది ప్రధానంగా నొప్పి నాడుల్లో ఉంటుంది. ఆ చానెల్ పుట్టుకతోనే పనిచేయని కొందరు ఉత్తర పాకిస్తాన్‌లోని కుటుంబాల్లో ఉన్నారని 2006లో బయటపడింది. వారికి స్పర్శ తెలుసు, వేడి చల్లన తెలుసు, నొప్పి మాత్రం తెలియదు. వారిలో ఒక పిల్లవాడు వీధుల్లో నిప్పుల మీద నడిచి చూపేవాడు. పరిశోధకులు అతణ్ణి కలవబోయే లోపే, పద్నాలుగో ఏడు నిండకుండానే, ఇంటి కప్పు మీద నుంచి దూకి చనిపోయాడు. ఈ చానెల్‌ను మాత్రమే మూసే మందు కోసం వెతుకుతున్నవారు విషాల్లోని పెప్టైడ్‌లను అంత శ్రద్ధగా ఎందుకు పరిశీలిస్తున్నారో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

కీటకం కాకపోయినా తేలు గురించి రెండు మాటలు చెప్పక తప్పదు, దానికి ఎనిమిది కాళ్లు, సాలీడుకు చుట్టం. మన ఎర్ర తేలు విషం సోడియం చానెల్ రెక్కను పట్టి ఉంచుతుంది. ఒంట్లోని నాడులన్నీ ఒకేసారి అడ్రినలిన్ లాంటి పదార్థాలను కుమ్మరించగా గుండె, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. పొటాషియం చానెళ్లలో ఒక రకాన్ని మూసే ఐబీరియోటాక్సిన్‌ను ఈ తేలు విషం నుంచే 1990లో వేరు చేశారు. ప్రజోసిన్ అనే రక్తపోటు మందుతో ఈ తేలుకాటు మరణాలను తగ్గించవచ్చని చూపినది మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న పట్టణపు వైద్యుడు హిమ్మత్‌రావు బావస్కర్. 2022లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

రైతు సోదరులు పొలంలో చల్లే సింథటిక్ పైరిథ్రాయిడ్‌లది కూడా ఇదే దారి. చామంతి జాతి పువ్వులోని సహజ పదార్థాన్ని అనుసరించి తయారుచేసిన ఈ మందులు కీటకం సోడియం చానెల్‌ను తెరిచి పట్టుకుంటాయి. చానెల్ గొలుసులో 1014వ స్థానంలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం బదులు ఫెనిలలనైన్ అనే ఇంకొకటి ఉన్న పురుగులకు ఈ మందు సరిగ్గా అంటదు. ఒకే మందు మళ్లీ మళ్లీ కొడితే చేలో మిగిలేవి అలాంటి పురుగులే. ఇంకొక సంగతి, చీమ విషానికి ఉన్న ఎంపిక ఈ మందుకు లేదు. పురుగుకు, తేనెటీగకు, ఆ పురుగును తినే కందిరీగకు ఉన్నది ఒకే రకం ద్వారం. పూత మీద ఉన్న చేలో పట్టపగలు ఈ మందు కొట్టడం నాకు బాధ కలిగించే విషయం, ఆ మాట ఇక్కడ దాచుకోలేను.

ప్రశ్నలకు ముందు, కుర్రవాళ్లు ఇద్దరిద్దరుగా ఈ బల్ల దగ్గరికి రండి. భూతద్దం, చిత్రలేఖనానికి వాడే సున్నా నంబరు కుంచె పెట్టెలోనే ఉన్నాయి. మూత తీసిన గదిలో పై వరుస చివరి పురుగును తల వెనక మెల్లగా తాకి, కళ్లు దాని నోటి దగ్గర నిలపండి. ఐదారు సెకన్లు పట్టవచ్చు. గుడ్డుకు మాత్రం కుంచె తగలనివ్వకండి, అది రేపో మాపో పగులుతుంది.